టాంగన్యీకా చుక్కల జెల్లని ఇంట్లో పెంచి, పిల్లలు తీయడం ఎలా?

"ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ పెంచుతున్నాను" అంటే మా అమలాపురం వైపు ముఖం చిట్లించని వాళ్లుండరు. వాళ్లకి గుర్తొచ్చేది చెరువుల్లో చాటుగా పెంచే క్లారియస్ గారిపినస్. మన దేశంలో దాని పెంపకం నిషేధం. నా దృష్టిలో అది చాలా అవసరమైన నిషేధం. దొరికిందల్లా మింగే ఆ చేప కాలువల్లో పెరిగితే మన మార్పు, ఇంగిలాయి లాంటి నాటు చేపలు బతకడం కష్టం.

నేను చెప్పేది వేరే చేప గురించి. పేరు సైనోడాంటిస్ లూసిపిన్నిస్, షాపుల్లో 'డ్వార్ఫ్ పెట్రికోలా' అంటారు. ఆఫ్రికాలోని టాంగన్యీకా సరస్సు దీని సొంతూరు. పెద్దదైనా 8 నుంచి 10 సెంటీమీటర్లే. లేత గోధుమ రంగు ఒంటి మీద గుండ్రటి నల్ల చుక్కలు, నల్లటి రెక్కలకి తెల్లటి అంచు. చూడ్డానికి మన జెల్లకి దగ్గర చుట్టంలా ఉంటుంది. చేత్తో పట్టుకుంటే జెల్లలాగే రెక్క ముల్లు రాపాడించి కీచుమంటుంది కూడా.

కొనేటప్పుడు

రెండు జాతుల్ని కలిపి పుట్టించిన సంకర చేపల్ని అరుదైన పేర్లతో అమ్మేస్తున్నారు. కార్పు హేచరీల్లో ఇంజెక్షన్ వేసి గుడ్లు పెట్టించినట్టే వీటినీ పుట్టిస్తారు. చుక్కలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయినా, రెక్కల తెల్ల అంచు స్పష్టంగా లేకపోయినా కొనకండి. చిన్న పిల్లల్ని కనీసం ఆరింటిని ఒకేసారి తెచ్చుకోండి. గుడ్లకి రావాలంటే ఏడాదిన్నర, రెండేళ్లు ఆగాలి.

నీళ్లు

పనంతా ఇక్కడే ఉంది. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో సుమారు 190 లీటర్లు పడతాయి, అది చాలు. టాంగన్యీకా నీళ్లు క్షారంగా, గట్టిగా (కాల్షియం, మెగ్నీషియం ఎక్కువగా) ఉంటాయి. మన డెల్టాలో చాలా బోర్ల నీళ్లు కూడా గట్టివే. అలాగని నేరుగా పోసేయకండి. ఒక సీసాడు నీళ్లు పట్టుకెళ్లి, రొయ్యల రైతులు వెళ్లే ఆక్వా ల్యాబ్‌లో ఇవ్వండి. పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం కొలత) 8 నుంచి 8.5, హార్డ్‌నెస్ (నీళ్ల గట్టితనం) 150 నుంచి 250 పీపీఎం ఉంటే నిశ్చింతగా వాడుకోవచ్చు. నోటికి ఉప్పగా తగిలితే మాత్రం ఆ బోరు వదిలేయండి. కాలువ నీళ్లు అసలు వద్దు, అందులో చేల మందులూ చెరువుల మురుగూ కలుస్తాయి. పీహెచ్ తగ్గుతుంటే గుల్లల ముక్కలు శుభ్రంగా కడిగి, ఉడకబెట్టి, ఫిల్టర్‌లో ఒక సంచిలో వేయండి.

రొయ్యల చెరువు చేసిన వాళ్లకి చెప్పక్కర్లేదు కానీ మిగతా వాళ్లు గుర్తుపెట్టుకోవాలి: పీహెచ్ పెరిగిన కొద్దీ, చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా విషం పెరుగుతుంది. అందుకే దాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా పెరిగేలా ఫిల్టర్‌ని నాలుగు నుంచి ఆరు వారాలు నడిపి, అమ్మోనియా, నైట్రైట్ సున్నాకి వచ్చాకే చేపల్ని వదలండి. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చండి.

వేడి 25 నుంచి 27 డిగ్రీలు ఉండాలి. రోహిణి కార్తెలో అది మన చేతిలో ఉండదు. పడమటి గోడకి దూరంగా తొట్టె పెట్టి, మూత బదులు దోమతెర కట్టి, నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పండి. మన ఉక్కకి ఫ్యాన్ ఒక్కటే చాలదు, గాలి బుడగలు ఎక్కువ పెట్టాలి. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి తప్పకుండా కొనుక్కోండి. కరెంటు పోయిన రాత్రి దాని విలువ తెలుస్తుంది.

గుడ్లు పెట్టించడం

ఈ చేపలు గుడ్లు రాల్చి వెళ్లిపోతాయి, తర్వాత అవే తినేస్తాయి. మొదటిసారి నాకది తెలియలేదు. సాయంత్రం ఆడచేప పొట్ట నిండుగా ఉంది. తెల్లారి చూస్తే పొట్ట జారిపోయి, గుంపంతా గులకరాళ్ల మధ్య మూతులు పెట్టి వెతుకుతోంది. రాళ్లన్నీ తీసి చూసినా ఒక్క గుడ్డు దొరకలేదు. నాకు చాలా బాధేసింది.

తర్వాత నేర్చుకున్న పద్ధతి ఇది. ఐస్‌క్రీమ్ డబ్బా అడుగున గోళీలు రెండు వరుసలు పరవండి. పైన రంగు వేయని మట్టి పూలకుండీని బోర్లించి, అంచు దగ్గర చేప దూరేంత ముక్క తీసేసి, తొట్టెలో పెట్టండి. కుండీలో పెట్టిన గుడ్లు గోళీల సందుల్లోంచి కిందకి జారతాయి, చేప మూతికి అందవు.

మూడు, నాలుగు వారాలు సన్నగా తరిగిన పచ్చి రొయ్యా, ఫ్రోజెన్ బ్లడ్‌వార్మ్స్ (చేపల మేతగా అమ్మే ఎర్రటి పురుగులు) పెట్టండి. ఆడవాటి పొట్ట గుండ్రంగా కనిపించాక, రెండు డిగ్రీలు చల్లగా ఉన్న నీళ్లతో మూడో వంతు మార్చండి. వాన పడినట్టు ఉంటుంది వాటికి. మర్నాటి నుంచి రోజూ పొద్దున్నే డబ్బా పైకి తీసి చూడండి. గోళీలు పక్కకి జరిపితే, సగ్గుబియ్యం కంటే చిన్నగా, తెల్లటి పూసల్లాంటివి అడుగున దొర్లుతుంటాయి.

వాటిని అదే నీళ్లతో వేరే టబ్‌లోకి మార్చి, సన్నగా గాలి పెట్టి, నీళ్లు లేత నీలంగా మారే దాకా మిథిలీన్ బ్లూ (బూజుని ఆపే నీలి మందు) చుక్కలు వేయండి. బూజు పట్టిన గుడ్లని డ్రాపర్‌తో ఎప్పటికప్పుడు తీసేయండి, ఒక్కటి వదిలేసినా పక్కవాటికి అంటుకుంటుంది. రెండు, మూడు రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి.

పిల్లలకి మేత

సొన కరిగే దాకా, అంటే మరో మూడు, నాలుగు రోజులు, ఏమీ పెట్టకండి. ఆ తర్వాత అప్పుడే పొదిగిన ఆర్టీమియా (రొయ్యలాంటి బుల్లి ఉప్పునీటి జీవి) కావాలి. కాకినాడ తీరంలో ఇన్ని రొయ్యల హేచరీలున్నాయి కాబట్టి ఆర్టీమియా గుడ్ల డబ్బా మనకి కొత్త వస్తువు కాదు. లీటరు నీటికి 25 గ్రాముల ఉప్పు, 28 డిగ్రీల వేడి, గట్టిగా గాలి ఉంటే 24 గంటల్లో పొదుగుతుంది. సన్నటి గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో కడిగి, రోజుకి రెండుసార్లు కొంచెం కొంచెంగా వేయండి. మిగిలిన మేతని గంటలో సైఫన్ చేసేయాలి. ఎక్కువ పిల్లలు పోయేది మేత కుళ్లడం వల్లే.

పెరుగుదల నెమ్మది, కంగారు పడకండి. అంగుళం దాటాక పెద్దవాటితో కలపవచ్చు. అప్పుడు మాత్రం వల వాడకండి. ముళ్లు వలలో చిక్కుకుంటే విడదీయడం మీకూ చేపకీ నరకమే. గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీయండి. ఎక్కువైన పిల్లల్ని పెంచగలిగే వాళ్లకి ఇవ్వండి, కాలువలో మాత్రం వదలకండి.