12 ఏళ్లు సాగు చేశాను, చేను నాదే అంటే ఏం చేయాలి?

కోనసీమలో ఈ గొడవ లేని ఊరు దొరకడం కష్టం. చేను మన పేరున రిజిస్టరై ఉంటుంది, మనమేమో హైదరాబాద్‌లో ఉద్యోగం, సంక్రాంతికి వెళ్లి గట్టు మీద నిలబడితే సాగు చేస్తున్నాయన "12 ఏళ్లు దాటింది, ఇక నాదే" అంటాడు. ఆ ఒక్క మాటకే బెదిరిపోయి సగం ధరకు రాజీ పడకండి. ఎన్నేళ్లయిందన్నది తర్వాత, ముందు ఆయన చేలోకి ఎలా వచ్చాడో చూడండి.

సమస్య: కౌలుదారు ఖాళీ చేయనంటున్నాడు

కారణం: మక్తా (కౌలు డబ్బు) అడగడం మానేశారు, కాగితం రాసుకోలేదు. అయినా కంగారొద్దు. మీరు ఇస్తే వచ్చినవాడు కౌలుదారుగా 20 ఏళ్లున్నా అది అడ్వర్స్ పొజిషన్ (పరాయి భూమిని ఏళ్ల తరబడి అనుభవించి హక్కు పొందడం) కాదు. బలవంతంగా కాకుండా, చాటుగా కాకుండా, ఎవరి అనుమతీ లేకుండా, మీ హక్కుకు ఎదురు నిలిచి, తెగకుండా 12 ఏళ్లు అనుభవిస్తేనే చట్టం దాన్ని ఒప్పుకుంటుంది. రుజువు చేసుకునే భారం కూడా ఆయనదే.

పరిష్కారం: మక్తా ముట్టిన రసీదులు, ధాన్యం కాటా చీటీలు, ఫోన్‌లో పడ్డ డబ్బు లెక్క అన్నీ పోగుచేయండి. ఇక్కడ చాలామంది చేసే తప్పు ఒకటుంది, ఎక్కడ వేయాలో చూసుకోకుండా దావా వేసేస్తారు. వ్యవసాయ భూమి కౌలు తగాదా ఇప్పుడు ఏ చట్టం కింద, ఎవరి ముందుకు వెళ్లాలో ముందే లాయర్‌ని అడిగి తేల్చుకోండి. తప్పు కోర్టులో వేసి, ఏళ్ల తర్వాత "ఇది మా పరిధి కాదు" అనిపించుకుంటే ఆ బాధ చెప్పలేం.

సమస్య: పక్క చేనాయన గట్టు జరిపి పది సెంట్లు కలిపేసుకున్నాడు

కారణం: కొలతలు ఎప్పుడూ చూసుకోకపోవడం. ఇక్కడ మాత్రం నిజంగా టెన్షన్ పడాలి, ఎందుకంటే ఆయన్ని మీరు రమ్మనలేదు, 12 ఏళ్లు ఊరుకుంటే దావాలకు గడువు పెట్టే లిమిటేషన్ చట్టం 65వ ఆర్టికల్, 27వ సెక్షన్ కలిసి మీ హక్కునే తీసేస్తాయి.

పరిష్కారం: ఎఫ్‌ఎంబీ (సర్వే కొలతల పటం) తీసుకుని సర్వేయర్‌తో కొలిపించండి. లాయర్ నోటీసు, పోలీసు ఫిర్యాదు ఇచ్చినంత మాత్రాన ఆ 12 ఏళ్లు ఆగవు, గడువులోపల దావా పడాలి. మొన్న మొన్ననే దౌర్జన్యంగా వెళ్లగొట్టి ఉంటే 6 నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద వేయండి, అందులో హక్కు ఎవరిదన్న చర్చే ఉండదు.

అన్నదమ్ముల్లో ఒకరే సాగు చేస్తున్నారా? ఆయన స్వాధీనం అందరి తరఫునా ఉన్నట్టే లెక్క. మీకు వాటా లేదని బాహాటంగా చెప్పి మిమ్మల్ని పక్కన పెట్టిన రోజు నుంచే ఏళ్లు లెక్కలోకి వస్తాయి.

సమస్య: ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగినా తేలడం లేదు

కారణం: అక్కడ తేలదు. 1బీ, అడంగల్, పాస్‌బుక్ రెవెన్యూ రికార్డులు. హక్కు తేల్చేది సివిల్ కోర్టే.

పరిష్కారం: భూమి అమలాపురం దగ్గరుంటే దావా కూడా ఆ ప్రాంతపు కోర్టులోనే, మీరు ఎక్కడ కాపురమున్నా సరే. ఏ స్థాయి కోర్టన్నది దావా విలువను బట్టి ఉంటుంది. అవతలివాడు హక్కునే కాదంటూ భూమిలో ఉంటే ఉత్త ఇంజంక్షన్ (జోక్యం చేసుకోవద్దనే కోర్టు ఉత్తర్వు) చాలదు, హక్కు ప్రకటన, స్వాధీనం రెండూ అడగాలని 2008లో సుప్రీంకోర్టు అనాతుల సుధాకర్ కేసులో స్పష్టం చేసింది. ఇంకోటి, 2019 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అనుభవంలో ఉన్నవాడు తానే వాదిగా దావా వేయొచ్చు, కాబట్టి ఆయన కోర్టుకు రాలేడులే అని కూర్చోకండి.

కొత్తగా కొనేవాళ్లకు: రిజిస్ట్రేషన్ నిన్ననే అయినా 12 ఏళ్లు మీ తేదీ నుంచి మొదలవవు, అమ్మినాయన కాలంలో గడిచినవీ కలుస్తాయి. ఈసీ (రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం) ఒక్కటే చూసి అడ్వాన్స్ ఇవ్వొద్దు, చేలోకి వెళ్లి నాట్లు ఎవరు వేయిస్తున్నారో అడగండి. లంక భూమైతే (గోదావరి పాయల మధ్య భూమి) అది సర్కారుదా పట్టాదా అన్నది మొదట చూసుకోండి, సర్కారు భూమి మీద లెక్క 12 కాదు, 30 ఏళ్లు.