'మంచోడు', 'చెడ్డోడు' దాటాలంటే: కథలో పాత్రల గుణాలు చెప్పే పద్ధతి

సింహం-కుందేలు కథ చెప్పి, మూడో తరగతి పిల్లల్ని 'కుందేలు ఎలాంటిది?' అని అడగండి. 'మంచిది' అంటారు. మరి సింహం? 'చెడ్డది'. మాట అక్కడే ఆగిపోతుంది. అలాగని గుణాల జాబితా ముందే బోర్డు మీద రాసిపెడితే ఇంకా నష్టం. పిల్లలు కథ వదిలేసి, జాబితాలోంచి ఏదో ఒక మాట ఏరి రాసేస్తారు.

బోర్డు మీద మూడు గడులు గీయండి: ఏం చేసింది, ఏమన్నది, కాబట్టి ఎలాంటిది. మూడోది ఖాళీగా ఉంచి మొదటి రెండూ నింపించండి. కుందేలు కావాలనే ఆలస్యంగా వెళ్లింది. దారిలో ఇంకో సింహం ఆపిందన్నది. బావిలో నీడ చూపించింది. ఇవి పడ్డాక 'తెలివైనది' అని వాళ్లే అంటారు. ఎవరైనా 'ధైర్యం గలది' అంటే, 'కథలో ఎక్కడ కనబడింది?' అని అడగండి. ఆకలిగా ఉన్న సింహం ఎదుట నిలబడి మాట్లాడింది కదా అని చూపించగలిగితే ఉంచండి, లేకపోతే చెరిపేయండి. 40 నిమిషాల పీరియడ్‌లో కథకు 10, గడులకు 20, వాదనకు 10 సరిపోతాయి. వాదన మాత్రం తగ్గించొద్దు.

పిల్లలు ఎక్కువగా తడబడేది గుణానికీ, అప్పటి భావానికీ మధ్య. దీనికి ఏడు చేపల కథే మంచి సాధనం. పిల్లాడు ఏడ్చాడు కాబట్టి ఏడుపుగొట్టు అంటారు. చీమ కుట్టింది, నొప్పి పుట్టింది, ఏడ్చాడు. అది ఆ కాసేపటి సంగతి. 'చీమ కుట్టకపోయినా ఏడ్చేవాడా?' అని అడిగితే తేడా పట్టుకుంటారు. చీమ చెడ్డదా అన్నదీ అడగండి. దాని పుట్టలో వేలు పెట్టిందెవరని ఎవరో ఒకరు తప్పకుండా లేస్తారు. ఇక గడ్డిమేటు నుంచి అందరూ పక్కవాళ్ల మీదికే తోస్తారు కదా, ఆ గుణానికి పేరు వాళ్లనే వెతకనివ్వండి.

హైదరాబాద్ తరగతిలో తెలుగు, ఉర్దూ, హిందీ కలిసే ఉంటాయి. 'కంజూస్', 'డర్‌పోక్' అంటే కాదనకండి. వాటి పక్కనే పిసినారి, పిరికి అని రాయండి. మాట ఇంటి నుంచి వస్తే గుర్తుంటుంది. వారానికి నాలుగైదు కొత్త మాటలు చాలు.

'పొడుగు', 'తెల్లగా ఉంటుంది' అనేవి రూపం, గుణాలు కావు. పక్క పిల్లల పేర్లు ఉదాహరణకు తీసుకోకండి. 'పిరికి' అన్న మాట ఇంటర్వెల్‌కల్లా ఒకరికి మారుపేరవుతుంది.

చివరగా నోట్‌బుక్‌లో ఒకే వాక్యం రాయించండి: '... గుణం గలది, ఎందుకంటే ...'. 'ఎందుకంటే అది మంచిది' అని రాస్తే పుస్తకం వెనక్కిచ్చి, కథలోకి మళ్లీ పంపండి.