పాత మారుతికి ఇంజన్, గేర్‌బాక్స్ మీరే మారుస్తారా? కాలువలకు నీళ్లు వదిలేలోపు ఇవి చూసుకోండి

కోనసీమలో పాత మారుతి 800లు ఇంకా చాలా ఇళ్ల ముందు కనిపిస్తాయి. నీలం పొగ మొదలయ్యాక మెకానిక్ చెప్పే మాట ఒకటే: "అరిగిన సిలిండర్లకు బోరు చేయించే బదులు సెకండ్ హ్యాండ్ ఇంజన్ తెచ్చుకోండి, గేర్‌బాక్స్‌తో సహా వస్తుంది." అది విన్నాక మనలాంటి వాళ్ల బుర్రలో పురుగు తొలుస్తుంది. మనమే మార్చేసుకుంటే పోలా అని. నేను మార్చాను. మెకానిక్‌ని కాను, ఆదివారం మాత్రమే చేతికి గ్రీజు అంటుకునే మనిషిని. నట్టూ బోల్టూ సంగతి పుస్తకం చూసి నేర్చుకోవచ్చు. మన నేల గురించి, మన వానల గురించి ఆ పుస్తకంలో ఉండదు. అందుకే ముందు అవే రాస్తున్నాను.

దాళ్వా (రబీ వరి) కోతలు అయిపోయి, కాలువలు కట్టేసి, మళ్లీ నీళ్లు వదిలే దాకా కొన్ని వారాలు దొరుకుతాయి. ఈ పనికి అదే అదును. ఎండ చంపేస్తుంది కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టి పదింటికి ఆపేయాలి, మళ్లీ సాయంత్రమే. జూన్ వచ్చేసిందంటే ఈ ఏటికి వదిలేయండి. రెండు ఆదివారాల పని అనుకుంటాం, అయిదు పడుతుంది. ఒక సీలు దొరకదు, ఒక స్టడ్డు విరుగుతుంది, సాయం చేస్తానన్న బావమరిది పెళ్లికి పోతాడు. ఏటిగట్టుకు లోపల, లంకల్లో ఉండేవాళ్లు మరీ జాగ్రత్త. ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. మామూలుగా అయితే మొదటి హెచ్చరిక వినగానే బండి గట్టెక్కించేస్తాం. ఇంజన్ దించేసి, ముందు చక్రాలు గాల్లో ఉన్న కారుని ఎవరు గట్టెక్కిస్తారు?

ఇక నేల. మనది ఒండ్రు నేల, పైకి ఎంత గట్టిగా కనిపించినా నమ్మకూడదు. నేను మొదటిసారి కొబ్బరిచెట్ల కింద మట్టిలోనే జాకీ పెట్టాను. సాయంత్రం నిలువుగానే ఉంది. రాత్రి చిన్న జల్లు పడింది. పొద్దున్న చూస్తే జాకీ అడుగు వేలెడు లోతు దిగి, తల ఒక పక్కకు వాలి ఉంది. చుట్టూ కొబ్బరిచిప్పెడు నీళ్లు. కారు ఇంకా నిలబడే ఉంది. దాన్ని సరిచేద్దామని చెయ్యి వేసేలోపే జారింది, ముందు భాగం నేలకు కొట్టుకుంది. కింద ఎవరూ లేరు. ఆ ముందురోజు సాయంత్రం అదే చోట గంటసేపు వెల్లకిలా పడుకుని ఉన్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

కాబట్టి సిమెంటు నేల ఉన్న చోటే పెట్టుకోండి. లేకపోతే వడ్ల గోడౌను వాళ్లనో, రైస్ మిల్లు వాళ్లనో బతిమాలుకోండి. జాకీ ఎత్తడానికే, మోయడానికి కాదు. ఎత్తాక రెండు జాక్ స్టాండ్లు (బరువు మోసే ఇనప కాళ్లు) వేసి, బరువంతా వాటి మీదకు దింపి, కారుని చేత్తో ఊపి చూసి, అప్పుడే కిందకు దూరాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు వద్దు. అవి చెప్పకుండా పగులుతాయి. కొబ్బరి మొద్దు గురించి అసలు మాట్లాడొద్దు, అది దొర్లుతుంది. వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టి హ్యాండ్‌బ్రేకు లాగండి. ఇంజన్, గేర్‌బాక్స్ బయటికి వచ్చేశాక ముందు భాగం తేలికైపోతుంది. అప్పుడు తుప్పు పట్టిన బోల్టుని బలంగా లాగితే కారు మొత్తం కదులుతుంది. ఉప్పుగాలి తగిలే ఊళ్లలో ఆ బోల్టులు ఒక పట్టాన రావు కనుక ముందురోజే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచుకోవాలి.

దించడానికి చైన్ కప్పీ అద్దెకు తెచ్చుకోండి. దాన్ని పెంకుటింటి దూలానికి వేలాడదీసే ఆలోచన మాత్రం వద్దు. లోపల చెదలు ఎంత తిన్నాయో దూలం చెప్పదు. కప్పీని వేలాడదీసే ఇనప స్టాండ్ కూడా అద్దెకు దొరుకుతుంది. "చిన్న ఇంజనే కదా, బొంగుకు తాడు కట్టి ఇద్దరం భుజాన వేసుకుంటాం" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉంటారు. వాళ్లకు టీ ఇచ్చి పంపేయండి. ఇంజన్ వేలాడుతున్నంతసేపు దాని కిందకు చెయ్యి గానీ కాలు గానీ పోకూడదు.

కొనే ముందు ఏ ఇంజనో తేల్చుకోవాలి. పాత 800ది కార్బురేటర్ ఇంజన్. 2000 నుంచి ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ కొలిచి పెట్రోలు చిమ్మే రకం వచ్చింది. చవకగా వస్తోందని ఎంపీఎఫ్ఐ తెస్తే దానికి కంప్యూటర్, వైరింగు, ఒత్తిడితో నడిచే పెట్రోలు పంపు అన్నీ కావాలి. కార్బురేటర్ కాలం నాటి పెట్రోలు పైపు ఆ ఒత్తిడికి ఆగదు. "ఒమ్నీది కూడా 796 సీసీయే" అని ఇంకొకరు అంటారు. నిజమే, కానీ ఒమ్నీ వెనక చక్రాల మీద నడిచే బండి, దాని గేర్‌బాక్స్ మనకు పనికిరాదు. అయిదు గేర్ల బాక్సు దొరికితే దాని గేరు రాడ్లు, బాక్సుని పట్టి ఉంచే మౌంట్లు కూడా అదే బండివి తెచ్చుకోవాలి. నా మాటేమిటంటే, మొదటిసారి చేసేవాళ్లు ఏది తీశారో అదే వేసుకోండి. ప్రయోగాలు రెండో కారు మీద.

విజయవాడ ఆటోనగర్ దాకా వెళ్లినా, పక్క ఊళ్లో కొన్నా, వరదలో మునిగిన ఇంజన్ తగలకుండా చూసుకోవాలి. ఆయిల్ మూత తీసి లోపలికి టార్చి వేయండి. పాలు కలిపిన టీ రంగులో జిగురు కనిపిస్తే వదిలేయండి. గేర్‌బాక్స్ ఆయిలు కూడా కాస్త వంపించి చూడండి. స్టార్టర్ సందుల్లో ఎండిన ఒండ్రు కనిపిస్తే ఇక అడగక్కర్లేదు. పెట్టి చూడడానికి వీలుంటే కంప్రెషన్ టెస్టు (సిలిండర్లలో ఒత్తిడి కొలిచే పరీక్ష) చేయించండి, మూడు సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా రావాలి. బిల్లు, పాత బండి కాగితాలు లేకుండా కొనొద్దు. అది దొంగ బండిదైతే సమాధానం చెప్పాల్సింది మీరే.

పెట్రోలు దగ్గర మన ఊళ్లకే ప్రత్యేకమైన ప్రమాదం ఒకటుంది: దోమల చక్రం. సాయంత్రమైతే దోమలు కుట్టి చంపుతాయి, అలవాటుగా కాళ్ల దగ్గర చక్రం వెలిగిస్తాం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేలనంటి పాకుతుంది, గుంటలో నిలుస్తుంది. ఆ చక్రం ఉండేదీ నేల మీదే. ఒంటికి ఓడోమాస్ రాసుకోండి. మొట్టమొదట బ్యాటరీ నెగటివ్ తీయాలి, చివరికి అదే తగిలించాలి. పైపులు తీసిన వెంటనే బిరడాలు పెట్టేయాలి. వేలాడే బల్బు బదులు ఛార్జింగ్ లైటు వాడండి. పాత కూలెంటు తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకితే చస్తాయి. దాన్నీ, పాత ఆయిలునీ డబ్బాల్లో పట్టి పక్కన పెట్టండి. కాలవలోకి, చేపల చెరువులోకి వంచొద్దు.

గేర్‌బాక్స్ విడిపోయినప్పుడే క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగు, వెనక క్రాంక్ సీలు మార్చేయండి. పిసినారితనం చేస్తే మళ్లీ ఇదంతా విప్పాలి. తిరిగి కలిపేటప్పుడు గేర్‌బాక్స్ బరువు క్లచ్ ప్లేటు మీద వేలాడకూడదు, ప్లేటు వంగిపోతుంది. రెండూ చేత్తో నెడితేనే అతుక్కోవాలి. మధ్యలో సందు మిగిలితే బోల్టులతో లాక్కుందామనిపిస్తుంది. అలా లాగితే పగిలేది గేర్‌బాక్స్ చెవి. ఆగి, ప్లేటు మధ్యలో ఉందో లేదో చూసుకుని మళ్లీ పెట్టండి. గేర్ ఆయిలు జీఎల్-4 రకం పోయాలి. పోసేదాకా స్టీరింగుకి ఒక చీటీ కట్టి ఉంచండి: "గేర్ ఆయిలు లేదు". నవ్వొచ్చే జాగ్రత్తే గానీ, ఇంజన్ స్టార్టయిన సంబరంలో జనం మర్చిపోయేది సరిగ్గా అదే.

స్టార్ట్ చేసే ముందు లుంగీ మార్చుకుని ప్యాంటు వేసుకోండి, భుజం మీద తువ్వాలు తీసేయండి. తిరిగే ఇంజన్ బెల్టు గుడ్డని లాగితే మెడతో సహా లాగుతుంది. రేడియేటర్ ఫ్యాను కరెంటుది, వేడెక్కాక దానంతటదే తిరుగుతుంది. గేరు న్యూట్రల్‌లో ఉందని మీరే చేత్తో ఊపి చూడాలి, పక్కవాడి మాట మీద వద్దు. కారు ముందు ఎవరూ నిలబడకూడదు. ఇంజన్ అంటుకోకుండా కాయిల్ వైరు తీసి, ఆయిల్ లైటు ఆరేదాకా విడతలు విడతలుగా స్టార్టర్‌తో తిప్పి, అప్పుడు వైరు పెట్టండి.

ఇంజన్ నంబరు మారింది కాబట్టి ఆర్సీ కూడా మారాలి. సొంతంగా ఇంకో రకం ఇంజన్ వేసుకోవడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. అదే రకం వేసుకున్నా రవాణా శాఖ కార్యాలయానికి చెప్పాలి. ముందే వెళ్లి అడిగి, ఆ తర్వాతే డబ్బు పెట్టండి. నంబరు కలవకపోతే యాక్సిడెంటు అయిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు వెతికేది అదే.

ట్రయలు కాలువ గట్టు రోడ్డు మీద వద్దు. అవతల కాలువ, ఇవతల చేను, తప్పించుకునే చోటే ఉండదు. వెడల్పు రోడ్డు మీద, ఖాళీ వేళ, మొదటి కిలోమీటరు రెండో గేరు దాటకుండా వెళ్లి రండి. బయల్దేరబోయేటప్పుడు ఒక్కో ముందు చక్రం నట్టనడుమ ఉండే నట్టులో, అది ఊడకుండా ఆపే స్ప్లిట్ పిన్ను ఉందో లేదో వేలితో తడిమి చూడండి. తిరిగొచ్చాక కింద అట్టముక్క పరచండి. పొద్దున్నకి ఎక్కడ చుక్క పడిందో అట్టే చెబుతుంది. యాభై కిలోమీటర్లు తిరిగాక మౌంట్ల బోల్టులు మరోసారి బిగించుకోండి.