ల్యాండర్ దిగబోయి కూలిపోతే: సమస్య - పరిష్కారం

చంద్రుడి మీదో అంగారకుడి మీదో కూలిన ల్యాండర్‌ను విప్పి చూడటం కుదరదు. చేతిలో మిగిలేది అది చివరిదాకా పంపిన డేటా ఒక్కటే. అందుకే లక్షణం పట్టుకుని కారణం దాకా వెనక్కి నడవాలి. డ్రోనో, చిన్న రోవరో తయారు చేసే విద్యార్థులకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

సమస్య: చాలాసేపు బాగానే దిగింది, చివర్లో అదుపు తప్పింది

2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున టీవీల ముందు మనం పడ్డ టెన్షన్ ఇంకా గుర్తే. తెర మీద చంద్రయాన్-2 ల్యాండర్ విక్రమ్ చుక్క గీసిన దారి నుంచి కాస్త పక్కకు జరిగింది, తర్వాత కదలలేదు.

కారణం: ఒక్కటి కాదు, మూడు. ఇస్రో ఛైర్మన్‌గా సోమనాథ్ 2023లో వాటిని విడమరిచి చెప్పారు. వేగం తగ్గించాల్సిన 5 ఇంజిన్లు అనుకున్నదానికంటే ఎక్కువ బలంతో మండాయి. ఆ తేడా కొంచెం కొంచెంగా పోగుపడింది. దాన్ని సరిదిద్దుకోవడానికి ల్యాండర్ చాలా వేగంగా తిరగాల్సి వచ్చింది, కానీ అంత వేగంగా తిరగనివ్వకుండా సాఫ్ట్‌వేర్‌లో హద్దు ఉంది. పైగా దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరమే. నేల దగ్గరపడుతున్నా ఆ చోటు అందుకోవాలని వేగం పెంచుకుంటూ పోయింది.

పరిష్కారం: చంద్రయాన్-3లో దిగే చోటును 4 కి.మీ. పొడవు, 2.4 కి.మీ. వెడల్పుకు పెంచారు. ఇంజిన్లు 4కు తగ్గించి, ఇంధనం పెంచారు, కాళ్లు గట్టిపరిచారు, వేగాన్ని నేరుగా కొలిచే లేజర్ సెన్సార్ చేర్చారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆలోచన మారిన తీరు. ‘ఏమేం చెడిపోవచ్చు, చెడినా ఎలా దిగాలి’ అన్న ప్రశ్నతో డిజైన్ మొదలుపెట్టారు. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 ల్యాండర్ (దీని పేరూ విక్రమే) మెత్తగా దిగింది.

సమస్య: నేల తాకకముందే ఇంజిన్ ఆగిపోయింది

అంగారకుడి మీదికి నాసా పంపిన మార్స్ పోలార్ ల్యాండర్, 1999 డిసెంబరు 3. దిగేటప్పుడు డేటా పంపే ఏర్పాటే లేదు కాబట్టి విచారణ ‘బహుశా ఇదే’ అన్న దగ్గర ఆగింది.

కారణం: మడిచిన కాళ్లు పైనే తెరుచుకున్నాయి. ఆ కుదుపును కాళ్ల సెన్సార్ ‘నేల తగిలింది’ అని నమోదు చేసింది. సాఫ్ట్‌వేర్ ఆ గుర్తును చెరపకుండా దాచుకుంది. 40 మీటర్ల ఎత్తులో చూసుకుని, దిగేశామనుకుని ఇంజిన్ ఆపేసింది.

పరిష్కారం: సెన్సార్‌ను చదవబోయే ముందు పాత గుర్తును చెరిపేయాలి. ఇంకోటి, నేలమీద చేసిన పరీక్షలో ఆ సెన్సార్ల వైరింగ్ తప్పుగా ఉంది. వైరింగ్ సరిచేశారు గానీ పరీక్ష మళ్లీ చేయలేదు. వైరు మార్చిన ప్రతిసారీ పరీక్ష మొదటి నుంచి చేయండి.

సమస్య: ఎత్తు లెక్క తప్పింది

షియాపరెల్లీ (యూరప్ అంగారక ల్యాండర్), 2016: పారాషూట్ తెరుచుకున్నాక విపరీతంగా ఊగింది. ఆ ఊపు కొలిచే సెన్సార్ సుమారు ఒక సెకను గరిష్ఠ విలువ దగ్గరే ఉండిపోయింది. దాంతో ఎత్తు మైనస్‌లోకి వెళ్లింది. ఇంకా 3.7 కి.మీ. పైన ఉండగానే పారాషూట్ వదిలేసింది. మైనస్ ఎత్తు వచ్చిందంటే ఆ లెక్కను పక్కనపెట్టి రాడార్‌ను అడిగే నియమం సాఫ్ట్‌వేర్‌లో ఉండాలి.

హకుటో-ఆర్ (జపాన్ కంపెనీ ఐస్పేస్ చంద్రుడి మీదికి పంపిన ల్యాండర్), 2023: ఇది షియాపరెల్లీకి సరిగ్గా ఎదురు కేసు. బిలం అంచు దాటగానే రాడార్ ఎత్తు ఒక్కసారిగా మారింది. నిజంగానే కింద నేల లోతుగా ఉంది, కానీ సాఫ్ట్‌వేర్ రాడార్ చెడిపోయిందనుకుని దాని మాట వినడం మానేసింది. 5 కి.మీ. ఎత్తులో ఉండి నేల మీద ఉన్నాననుకుంది, ఇంధనం అయిపోయి పడిపోయింది. డిజైన్ ఖాయమయ్యాక దిగే చోటు మార్చారు. చోటు మారితే, ఆ కొత్త చోటి గుంటలు, గట్లతో సిమ్యులేషన్లన్నీ మళ్లీ నడపాలి.