జిన్నింగ్ మిల్లులో వాల్వ్ టర్మినల్‌కు ప్రొఫీబస్ అడ్రస్ ఇవ్వడం

వరంగల్ వైపు పత్తి మిల్లుల్లో ప్రెస్ దగ్గరి వాల్వ్ టర్మినల్ (గాలి సిలిండర్లను నడిపే వాల్వ్‌ల గుత్తి) మార్చేటప్పుడు ముందు కరెంటు, గాలి రెండూ ఆపండి. సిలిండర్లలో మిగిలిన గాలి వదిలేశాకే చెయ్యి పెట్టండి. పాతదాని అడ్రస్ స్విచ్‌లను ఫోటో తీసుకోండి. ప్రొఫీబస్ అంటే పీఎల్‌సీ (మిషన్‌ను నడిపే కంప్యూటర్), పరికరాలు మాట్లాడుకునే కేబుల్ లైన్. అందులో ఒక్కో పరికరానికి ఉండే నంబరే అడ్రస్.

డిప్ స్విచ్‌లు (వరుసగా ఉండే చిన్న ఆన్-ఆఫ్ మీటలు) ఉంటే విలువలు సాధారణంగా 1, 2, 4, 8, 16, 32, 64. అడ్రస్ 21 కావాలంటే 16, 4, 1 ఆన్ చేయాలి. ఒకే అడ్రస్ రెండు పరికరాలకు పడితే రెండూ తడబడతాయి. మార్చాక సప్లై ఆపి మళ్లీ ఇస్తేనే చాలా మోడళ్లు కొత్త అడ్రస్ తీసుకుంటాయి. అదే అడ్రస్‌ను, ఆ మోడల్ జీఎస్‌డీ ఫైల్‌తో (పరికరం వివరాలను పీఎల్‌సీకి చెప్పే ఫైల్) పీఎల్‌సీలో పెట్టండి.

ఎక్కువ గందరగోళం బిట్ల దగ్గరే. వాల్వ్‌ను కదిపే ఒక్కో కాయిల్‌కు (విద్యుత్ తీగ చుట్టకు) పీఎల్‌సీ నుంచి ఒక్కో బిట్, అంటే ఒక ఆన్-ఆఫ్ సంకేతం. డబుల్ కాయిల్ బేస్ మీద సింగిల్ కాయిల్ వాల్వ్ పెట్టినా ఆ చోటు రెండు బిట్లూ తీసుకుంటుంది. అలాంటి 8 చోట్లకు 16 బిట్లు, అంటే 2 బైట్లు. ఒక్కటి తప్పు లెక్కిస్తే తర్వాతి వాల్వ్‌లన్నీ జరిగిపోతాయి. ఒకటి నొక్కితే పక్కది కదులుతుంది. అందుకే గాలి ఆపి ఉంచి, ఒక్కో అవుట్‌పుట్ ఇచ్చి వాల్వ్ మీది లైటు చూసుకోండి.

టర్మినేషన్ (సిగ్నల్ కొస నుంచి వెనక్కి తిరగకుండా ఆపే రెసిస్టర్లు) ప్రొఫీబస్ లైన్ రెండు కొసల్లోనే ఆన్ ఉండాలి. మధ్య కనెక్టర్‌లో ఆన్ చేస్తే చాలా కనెక్టర్లలో అవతలికి వెళ్లే కేబుల్ తెగిపోతుంది, ఆ తర్వాతి పరికరాలన్నీ మాయమవుతాయి. కరెంటు ఆపి ప్రొఫీబస్ కేబుల్‌లోని ఏ, బీ తీగల మధ్య కొలిస్తే దాదాపు 110 ఓములు రావాలి. 220 వస్తే ఒక కొస ఆఫ్‌లో ఉన్నట్టు.

బస్ లైటు పచ్చగా ఉండి వాల్వ్ కదలకపోతే కాయిల్స్‌కు విడిగా వచ్చే 24 వోల్టులు చూడండి. ఎమర్జెన్సీ స్టాప్ చాలాచోట్ల దాన్నే కోస్తుంది.