క్రోషేలో దారం కొసలు ఊడిపోకుండా

క్రోషేలో, అంటే కొక్కెం సూదితో అల్లే అల్లికలో, రంగు మార్చిన ప్రతిసారీ రెండు కొసలు మిగులుతాయి. పాప దుప్పటి పూర్తయ్యేసరికి వెనకవైపు అవన్నీ కుచ్చుల్లా వేలాడుతుంటే, ముడేసి కత్తిరించేద్దాం అనిపిస్తుంది. కానీ నాలుగు ఉతుకులు పడేసరికి ముడి జారి, కుట్లు విడిపోతాయి.

నేనిప్పుడు దారం తెంపేటప్పుడే 6 అంగుళాల కొస వదులుతున్నాను. మొన లేని ఊలు సూదికి దాన్ని ఎక్కించి, వెనకవైపు అదే రంగు కుట్ల అడుగు నుంచి 2 అంగుళాలు పోనిస్తాను. అసలు పట్టు ఇక్కడే ఉంది: వెనక్కి తిరిగేటప్పుడు చివరి పోగు ఒక్కటి వదిలేసి, మిగతా పోగుల్లోంచి అదే దారిలో రావాలి. వదిలిన పోగు చుట్టూ దారం మెలిక పడుతుంది, లాగినా రాదు. మళ్లీ ఒక అంగుళం ముందుకి. తర్వాత అల్లికను నాలుగు వైపులా బాగా సాగదీసి, అప్పుడే మిగిలిన కొస కత్తిరించండి. ముందే కత్తిరిస్తే, సాగినప్పుడు కొస బయటికి తొంగిచూస్తుంది.

మెర్సరైజ్డ్ కాటన్ (మెరుపు వచ్చేలా శుద్ధి చేసిన నూలు), సిల్కు లాంటి నున్నటి దారాలకు ఇది చాలదు, జారిపోతుంది. వాటికి 8 అంగుళాలు వదిలి, ఇంకోసారి వెనక్కి తిప్పండి. ఖాళీలు ఎక్కువున్న లేసు అల్లికలో మాత్రం కొసను దట్టంగా ఉన్న కుట్లలోకే పోనివ్వాలి, లేకపోతే ఖాళీల్లోంచి కనబడుతుంది.