మెయిల్‌బాక్స్ నిండిపోయినప్పుడు ముందుగా చూడవలసింది

మెయిల్‌బాక్స్ నిండిందన్న హెచ్చరిక రాగానే చాలామంది కంటికి కనిపించిన మెయిల్‌నల్లా తొలగించుకుంటూ పోతారు. గంట సేపు కూర్చుని వందల మెయిళ్లు తీసేశాక కూడా అదే హెచ్చరిక ఎదురైతే, నిండినది ఏదో చూసుకోకుండా పని మొదలుపెట్టారన్నమాట. మెయిల్ సర్వర్‌లోనూ (అంటే మెయిల్ సేవ ఇచ్చే సంస్థ కంప్యూటర్‌లోనూ) ఉంటుంది, మన కంప్యూటర్‌లోని ఫైల్‌లోనూ ఉంటుంది. ఈ రెండింటి పరిమితులు వేరు, చేయవలసిన పనీ వేరు.

మీకు పంపిన మెయిళ్లు పంపినవారికే తిరిగి వెళుతుంటే సర్వర్ నిండిందని అనుకోవచ్చు. బ్రౌజర్‌లో తెరిస్తే కొత్త మెయిళ్లు కనిపిస్తూ, కంప్యూటర్‌లో మెయిల్ చూసే ప్రోగ్రాములైన ఔట్‌లుక్‌లోనో థండర్‌బర్డ్‌లోనో మాత్రం కనిపించకపోతే కంప్యూటర్‌లోని ఫైల్‌ను అనుమానించాలి.

సర్వర్ నిండినప్పుడు ఇన్‌బాక్స్ కంటే ముందు, మీరు పంపిన మెయిళ్లు ఉండే, ఎవరూ తొంగి చూడని సెంట్ ఫోల్డర్‌ను తెరిచి, సైజు ప్రకారం వరుసలో పెట్టండి. ఒకే ఫైల్‌ను నాలుగుసార్లు సవరించి నలుగురికి పంపి ఉంటే, ఆ ప్రతులన్నీ అక్కడే ఉంటాయి. పైగా జోడించిన ఫైల్‌ను మెయిల్‌లో పంపేందుకు అక్షరాల రూపంలోకి మార్చడం వల్ల దాని పరిమాణం దాదాపు మూడో వంతు పెరుగుతుంది. 12 ఎంబీ ఫైల్ మెయిల్‌లో సుమారు 16 ఎంబీ అవుతుంది. అటువంటివి పది తీసేస్తే, వెయ్యి చిన్న మెయిళ్లు తీసినదానికంటే ఎక్కువ చోటు దొరుకుతుంది. ఆ తర్వాత, తొలగించినవి చేరే ట్రాష్‌ను కూడా ఖాళీ చేయాలి, ఎందుకంటే అందులో ఉన్నంతకాలం ఆ మెయిళ్లూ లెక్కలోనే ఉంటాయి. జీమెయిల్ ఉచిత ఖాతాలోని 15 జీబీని గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫొటోస్ కూడా పంచుకుంటాయి కనుక, తప్పు మెయిల్‌ది కాకపోవచ్చు కూడా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఖాతా ఐమాప్ పద్ధతిలో (సర్వర్‌లోని మెయిల్‌నే కంప్యూటర్‌లో చూపించే పద్ధతిలో) ఉంటే కంప్యూటర్‌లో తొలగించిన మెయిల్ సర్వర్ నుంచీ పోతుంది. దాచుకోవలసినవాటిని ముందుగా థండర్‌బర్డ్‌లో కంప్యూటర్‌లోనే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లోకి గానీ, ఔట్‌లుక్‌లో వేరే పీఎస్‌టీ ఫైల్‌లోకి (ఔట్‌లుక్ మెయిళ్లను కంప్యూటర్‌లో దాచే ఫైల్) గానీ మార్చి, ఆ ఫైల్‌కు బ్యాకప్ తీసుకోండి. సర్వర్‌లో లేని ఆ మెయిళ్లు ఇకమీదట ఆ ఫైల్‌లోనే ఉంటాయి.

కంప్యూటర్‌లోని ఫైల్ సంగతి కొంచెం చిత్రమైనది. థండర్‌బర్డ్ సాధారణంగా ఒక ఫోల్డర్‌లోని మెయిళ్లన్నీ ఒకే పెద్ద ఫైల్‌లో వరుసగా రాస్తుంది. మీరు ఒక మెయిల్‌ను తొలగిస్తే దాని మీద తొలగించినట్టు గుర్తు పడుతుందే తప్ప, అక్షరాలు అక్కడే ఉంటాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాంపాక్ట్ ఎంచుకున్నప్పుడే ఫైల్ నిజంగా చిన్నదవుతుంది. ఆ సమయంలో మిగిలిన మెయిళ్లతో కొత్త ఫైల్ తయారవుతుంది కాబట్టి డిస్క్‌లో కొంత ఖాళీ ఉండాలి, పని పూర్తయ్యేదాకా ప్రోగ్రామ్‌ను మూయకూడదు. నేను ఒకసారి తొందరపడి మధ్యలో మూసేసి, ఆ ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి తెచ్చుకోవలసి వచ్చింది.

క్లాసిక్ ఔట్‌లుక్‌లో అకౌంట్ సెట్టింగ్స్‌లోని డేటా ఫైల్స్ ట్యాబ్‌లో మీ ఫైల్‌ను ఎంచుకుని, సెట్టింగ్స్ నొక్కితే కాంపాక్ట్ నౌ అన్న బటన్ ఉంటుంది. పాత ఔట్‌లుక్ 2002 వరకు పీఎస్‌టీ పరిమితి 2 జీబీ. 2003లో కొత్త తరహా ఫైల్ వచ్చి అది 20 జీబీకి పెరిగింది, 2010 నుంచి 50 జీబీ అయింది. పాత తరహా ఫైల్‌నే ఇంకా వాడుతున్నవారు కొత్త పీఎస్‌టీ సృష్టించి మెయిళ్లను అందులోకి మార్చుకోవడం మేలు. ఫైల్ పాడై తెరుచుకోవడమే మానేస్తే, ఔట్‌లుక్‌ను మూసి, ఆ ఫైల్‌కు నకలు తీసి, ఆఫీస్‌తో పాటు వచ్చే స్కాన్‌పీఎస్‌టీ పనిముట్టుతో మరమ్మతు చేయించండి. ఒక్కసారితో లోపాలన్నీ పోకపోతే మళ్లీ నడపండి.

చోటు దొరికాక వేరే ఖాతా నుంచి మీకే ఒక మెయిల్ పంపి, వచ్చిందో లేదో చూడండి. నిండి ఉన్న రోజుల్లో వెనక్కి వెళ్లిపోయిన మెయిళ్లు వాటంతట అవి తిరిగి రావు. వాటిని పంపినవారినే మరోసారి పంపమని అడగాలి.